వేలూరులో పదునారు దినాలు

మన కృష్ణగిరి, హోసూరు ప్రాంతాలలోని తెలుగువారికి వేలూరు అనగానే రెండు సంగతులు జ్ఞాపకం వస్తవి. ఒకటి కోట, రెండవది ఆసుపత్రి. కోట చూడడానికని పోయేవారు తక్కువ. ఆసుపత్రికని పోయి, వీలు చిక్కితే కోట చూచి వచ్చేవారే ఎక్కువ. ‘ఫలానావారిని వేలూరికి తీసుకొనిపోయినారట’ అని ఎవరైనా అంటే వినేవారు గొంతు తగ్గించి, ‘ఏమి జబ్బట?’ అని అడుగుతారు. ఆ ఊరి పేరే జబ్బుకు మారుపేరైపోయినది.

ఈ పత్రికలో కాశీయాత్రలు, రామేశ్వర యాత్రలు చదివి సంతోషించినాను. నేను వ్రాయబోయేది ఆసుపత్రి యాత్ర. విషయం కొంచెం సంకోచం కలిగించేదే అయినా, ఆడవాళ్ళ పుటలలో ఆడవాళ్ళ సంగతి చెప్పుకొనడానికి సిగ్గెందుకని వ్రాస్తున్నాను. 2024 జూలైలో నేను వేలూరిలో పదునారు దినాలుండి, రొమ్ముల బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకొన్నాను. అది నాకు రెండవసారి. మొదటిది 2003లో, పెండ్లికి ముందు, నా యిరువది అయిదవ యేట, వేరొక ఊరిలో జరిగినది.

‘ఇదేమి చోద్యం, అందానికి కత్తి పెట్టించుకొంటారా?’ అని కొందరనుకోవచ్చు. అందం మాట నేను ఎన్నడూ తలవలేదు. నేను ఆఫీసులో గుమాస్తాను. ఉదయం పది మొదలు సాయంత్రం దాకా మొదట లెడ్జరు మీద, ఇప్పుడు కంప్యూటరు ముందు వంగి కూర్చునే పని. మెడ, భుజాలు, వెన్నుపూస ఎప్పుడూ నొప్పే. లోపలి బాడీ పట్టీలు భుజాలలో దిగి, బావి గిలకకు తాడు ఒరసిన గాడివలె గుంటలు పడినవి. వేసవిలో రొమ్ముల కింద చెమట చేరి ఒరిపిడి పుండ్లు పడేవి. నిటారుగా నడిస్తే వీధిలో చూపులు, వంగి నడిస్తే వెన్ను నొప్పి. చిన్ననాటినుండి వంగి నడవడమే అలవాటైనది. 2003లో ఆపరేషను అయిన తరువాత ఎనిమిది తొమ్మిది ఏండ్లు సుఖంగా ఉన్నాను. ఆ సుఖం తెలిసినదాన్ని గనుకనే, బరువు తిరిగి వచ్చినప్పుడు ఓర్చుకొనడం మరీ కష్టమైనది.

తిరిగి ఎందుకు వచ్చినదని మా యింట్లో అందరి ప్రశ్న. ‘ఒకసారి కోసి తీసివేసినది మళ్ళీ ఎట్లా పెరుగుతుంది?’ అన్నారు మా వారు. మా అత్తగారు ఇంకొక మెట్టు పైకి పోయి, ‘ఇద్దరు బిడ్డల తల్లివి, ఇప్పుడు ఎవరికి చూపడానికమ్మా?’ అన్నది. ఆమె చెడ్డది కాదు, ఎరిగినంతలో అన్నది. దానికి జవాబు వేలూరిలో డాక్టరమ్మ చెప్పినది. మొదటి ఆపరేషనులో కొంత భాగం తీస్తారేగాని అంతా తీయరు. మిగిలినది శరీరంతోపాటు మారుతూనే ఉంటుంది. కాన్పులు, ఒళ్ళు రావడం, ముట్టు నిలిచే వయస్సు దగ్గరపడడం, వీటన్నిటితో ఆ మిగిలినది పెరగవచ్చు, జారవచ్చు. కొందరికి జన్మలో మళ్ళీ అవసరమే రాదు. కొందరికి నావలె వస్తుంది. అందులో ఎవరి తప్పూ లేదు.

మా ఊరినుండి వేలూరికి సుమారు 120 కిలోమీటర్లు. జూలై 7వ తేదీ ఆదివారం ఉదయం నేనూ, మా చిన్నక్కా కృష్ణగిరిలో బస్సు ఎక్కినాము. మా వారు పిల్లలకు వంట చేసి పెట్టడానికి ఇంట ఉండిపోయినారు. దారి పొడుగునా మంచి రోడ్డు. బర్గూరు, నాట్రంపల్లి దాటితే వాణియంబాడి, తరువాత ఆంబూరు. ఈ రెండు ఊళ్ళూ తోళ్ళ పనికి పేరుపడినవి. ఆంబూరిలో చెప్పుల ఫ్యాక్టరీలకు పోయే ఆడపిల్లలు గుంపులు గుంపులుగా కనబడుతారుగాని, ఆనాడు ఆదివారం గనుక బిరియానీ అంగళ్ళ ముందరే సందడి. అక్కడినుండి దారి పాలారు పక్కనే పోతుంది. పేరుకు పాలేరేగాని, మేము పోయిన దినం ఇసుక, ముండ్లచెట్లు తప్ప నీటిచుక్క కనబడలేదు. అడుగున నీరున్నదని ఆ ఏటిగట్టు కొబ్బరిచెట్లే చెప్పాలి.

బస్సు కుదిపినప్పుడల్లా నేను చేతిసంచిని ఎదురుగా పెట్టుకొని రెండు చేతులూ కట్టుకొనేదాన్ని. ముప్పై ఏండ్ల అలవాటు. అక్క చూచి, ‘ఏమే, ఇంకా అట్లే కూర్చుంటావా? చేతులు దించవే’ అన్నది. ‘తిరిగి వచ్చేటప్పుడు దించుతానులే అక్కా’ అన్నాను.

వేలూరిలో గాంధీరోడ్డు ప్రాంతమంతా లాడ్జీలు, మెస్సులు, మందుల అంగళ్ళే. బోర్డులు తమిళంలో ఉన్నవి, హిందీలో ఉన్నవి, బెంగాలీలో ఉన్నవి, మన తెలుగులోనూ ఉన్నవి. చిత్తూరు జిల్లా ఎల్ల దగ్గరే గనుక తెలుగు వినబడడం వింత కాదు. కలకత్తా వైపునుండి ఇంత జనం వస్తారని మాత్రం నేనెరుగను. ఒక వీధిలో చేపల పులుసు వాసన, దాని పక్కనే ఇడ్లీ సాంబారు వాసన. మేము దిగిన లాడ్జీలో గదికొక చిన్న పొయ్యి అద్దెకిచ్చినారు. అక్క ముళ్ళవంకాయలు కొని తెచ్చి కూర చేసినది. తొడిమకూ కాయకూ ముళ్ళుండే ఈ వంకాయ వేలూరు జిల్లా ప్రత్యేకత. 2023లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చినది. ముళ్ళు గీరుకొన్నా రుచి మాత్రం వెన్న.

ఇక ఈ ఊరు ఆసుపత్రుల ఊరు ఎట్లయినదో చెప్పవలె. అమెరికా మిషనరీ దంపతుల కూతురు అయిదా స్కడర్ అనే ఆమె, పందొమ్మిదవ శతాబ్దం చివరలో తిండివనంలో తల్లిదండ్రుల వద్ద ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, తమ భార్యలకు కాన్పు కష్టమైనదని, ఆమెను సాయం రమ్మని వేడుకొన్నారట. ఆమెకు వైద్యం రాదు. ఆమె తండ్రి డాక్టరు. ఆయన వస్తారంటే, పరపురుషుడు మా ఆడవాళ్ళను ముట్టరాదని వారు ఒప్పుకొనలేదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయినారు. ఆ రాత్రితో ఆమె మనస్సు మారి, అమెరికాకు పోయి వైద్యం చదివి, 1900లో వేలూరు చేరి ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టినది. 1902లో నలుబది మంచాల ఆసుపత్రి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల వచ్చినవి. 1947లో మగపిల్లలకు కూడా ప్రవేశం కలిగినది. ఆమె 1960లో కొడైకెనాలులో కన్నుమూసినది. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆమె పెట్టిన విత్తనమే.

ఈ కథ చిన్నప్పుడు విన్నప్పుడు కథగానే విన్నాను. వేలూరు వీధులలో నడుస్తూ తలచుకొంటే వేరుగా తోచినది. ఆ ముగ్గురిని చంపినది జబ్బు ఒక్కటే కాదు, సిగ్గు కూడా. వారి సిగ్గు సైతం కాదు, వారి చుట్టూ ఉన్నవారి సిగ్గు. నూట ముప్పై ఏండ్లు గడిచినవి. నేను మే నెలలో పరీక్షలకు వచ్చినప్పుడు ఇంట్లో ‘వెన్నునొప్పికి పోతున్నాను’ అని చుట్టాలకు చెప్పించినారు. ఆఫీసులో కూడా అంతే.

నేను చేరిన ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. మే నెలలోనే డాక్టరమ్మ నలుబది దాటినదాన్ని గనుక మామోగ్రాం తీయించినది. దానిలో దోషమేమీ కనబడలేదు. కాని అసలు చిక్కు వేరొకటి వచ్చినది. ఆమె పాత మచ్చలు పరీక్షించి, ‘మొదటి ఆపరేషను కాగితాలున్నవా?’ అని అడిగినది. లేవు. ఆనాడు కాగితాలన్నీ మా నాన్నగారు తమ పెట్టెలో దాచినారు. వారు పోయిన తరువాత ఇల్లు మారినప్పుడు ఆ పెట్టె ఏమైనదో ఎవరికీ తెలియలేదు. ఆ పాత ఆసుపత్రికి ఉత్తరం వ్రాసి, మనిషిని పంపి అడిగించినాను. అంత పాతవి లేవన్నారు. మన దేశపు వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగి కాగితాలు మూడేండ్లు ఉంచితే చాలునట. ఇరవై యొక్క ఏండ్లకు వారిని తప్పుపట్టి లాభమేమి?

ఆ కాగితంతో పని ఏమిటో డాక్టరమ్మ తమిళంలో విడమరచి చెప్పినది. నేను తెలుగులో చెపుతాను. ఈ ఆపరేషనులో రొమ్ము మొనను పైకి జరుపుతారు. జరిపేటప్పుడు దానికి నెత్తురు అందించే కండను ఒక కాడవలె నిలిపి, తక్కినది తీసివేస్తారు. గుమ్మడిపిందెకు తీగ ఎట్లాగో, మొనకు ఆ కాడ అట్లాగు. కాడను పైవైపు ఉంచే పద్ధతి ఒకటి, కిందివైపు ఉంచే పద్ధతి ఒకటి, ఇంకా కొన్ని ఉన్నవి. బయటి మచ్చ మాత్రం రెంటికీ ఒకేరీతిగా ఉండవచ్చు. మొదటిసారి ఏ వైపు ఉంచినారో తెలియక, రెండవసారి ఆ కాడనే కోస్తే, నెత్తురు అందక మొన నల్లబడి పోవచ్చు. ‘అందువల్ల రెండవ ఆపరేషను మొదటిదానికంటె జాగ్రత్తైన పని’ అన్నది.

‘మరి దారి లేదా అమ్మా?’ అని అడిగినాను.

‘ఉన్నది. మీకు మొన ఉండవలసిన చోటికి దగ్గరగానే ఉన్నది. బరువంతా దాని కిందికి, పక్కలకు జారినది. కాబట్టి మొనను ఎక్కువ కదపకుండా కిందిభాగం తగ్గించి, పక్కల కొవ్వును గొట్టంతో లాగివేస్తాము. ఆపరేషను బల్లమీద నెత్తురు చాలదని తోస్తే, మొనను విడదీసి చర్మపు అతుకువలె తిరిగి కుట్టవలసి వస్తుంది. అప్పుడు స్పర్శ పోతుంది. దానికి ముందే మీ సమ్మతి కావలె. ఇంటికి పోయి ఆలోచించి చెప్పండి’ అన్నది.

మే నుండి జూలై దాకా ఆలోచించినాను. ఇంతలో డబ్బు సంగతి. మా ఆఫీసు ఇన్సూరెన్సు వారు ‘ఇది అందానికి చేసుకొనే చికిత్స’ అని ఒక్క వాక్యంలో త్రోసివేసినారు. ఆరోగ్యం కొరకు అవసరమని డాక్టరు సర్టిఫికేటు పెట్టి మళ్ళీ వ్రాసినా జవాబు మారలేదు. చీటీ పాడి, రెండు జతల కమ్మలు కుదువపెట్టి సుమారు లక్షన్నర కూర్చుకొన్నాను. ఇక్కడ ఒక మాట చెప్పవలె. చెన్నై స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో ఇట్టి చికిత్సలు పేదవారికి ఉచితంగా చేస్తున్నారని 2018లో పత్రికలలో వచ్చినది. సర్కారు సొమ్ము అందానికా అని అప్పుడు కొందరు ఆక్షేపించినారు కూడా. ఆక్షేపించినవారు ఒక్క దినం ఈ బరువు మోసి చూచినట్లయితే ఆ మాట అనరు.

జూలై 10వ తేదీ, ఆపరేషనుకు ముందునాడు, సాయంత్రం చేరమన్నారు. పొద్దున ఖాళీ గనుక అక్క నన్ను కోటకు లాక్కొని పోయినది. చుట్టూ నీటితో అగడ్త, నల్లరాతి గోడలు. పదునారవ శతాబ్దంలో విజయనగరపు సామంతులు కట్టించినది. తల్లికోట యుద్ధం తరువాత ఆరవీటి రాజులు పెనుగొండ, చంద్రగిరి విడిచి ఈ కోటనే రాజధాని చేసుకొన్నారు. మన తెలుగు రాజ్యపు చివరి దీపం కొంతకాలం ఇక్కడ వెలిగినదన్నమాట. టిప్పు సుల్తాను పడిపోయిన తరువాత అతని కుటుంబాన్ని ఇక్కడ ఉంచినారు. సింహళంలో కండి రాజ్యపు కడపటి రాజు శ్రీవిక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువారు 1815లో పట్టి ఇక్కడికే తెచ్చినారు. ఆయన నాయక వంశంవాడు. 1832లో ఈ ఊరిలోనే గతించినాడు. 1806 జూలై 10న ఈ కోటలోనే సిపాయిలు తిరుగుబాటు చేసినారు. కొత్తరకపు టోపీ పెట్టవలెనని, నుదుట బొట్టు, గడ్డము కూడదని పైవారు శాసించడం దానికొక కారణం. మేము పోయినది సరిగా ఆ దినమే. కోట ఎదుటి స్మారక స్తంభానికి పూలమాలలు వేసినారు. ఒంటి మీద ఏది ఉండవలెనో ఏది కూడదో ఎవరో శాసిస్తే మనిషికి ఎట్లా ఉంటుందో నాకు ఆనాడు బాగా అర్థమైనది.

కోటలోపల జలకంఠేశ్వరస్వామి ఆలయం. కల్యాణమండపంలో రాతి గుర్రాలు కాళ్ళెత్తి మీదికి దూకేటట్లుంటవి. ఎంతో కాలం గర్భగుడిలో దేవుడు లేక గుడి వట్టిగా ఉన్నదట. 1981లో మళ్ళీ లింగాన్ని తెచ్చి ప్రతిష్ఠించినారు. అక్క దండం పెట్టి, ‘స్వామిని పోయినచోటికి తిరిగి తెచ్చినారు, నీదేమి లెక్కే’ అన్నది. దాని తర్కం నాకు అంతు చిక్కలేదుగాని ధైర్యం మాత్రం వచ్చినది.

మరునాడు ఉదయం డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, ఊదారంగు కలంతో ఒంటిమీద గీతలు గీసినది. దర్జీ రవికెకు కొలత గీసినట్లే ఉన్నది. తరువాత మత్తు. మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం దాటినది. ఎదమీద గట్టికట్టు, రెండు పక్కలా సన్నని గొట్టాలు, వాటి చివర సీసాలు. నోరు ఎండిపోయి మాట రాలేదు. అక్క నా కళ్ళలోని ప్రశ్న చదివి, ‘విడదీయలేదటే. రెండూ వాటిచోటనే ఉన్నవట’ అన్నది. ఎడమవైపు 310 గ్రాములు, కుడివైపు 340 గ్రాములు తీసినారట. వింటే కొంచెమే అనిపిస్తుంది. తూచి చూచుకొనండి, ముప్పాతిక కిలోకు కొంచెం తక్కువ పప్పు. దాన్ని మెడకు కట్టుకొని నిద్రలో తప్ప దించకుండా తిరగండి.

అయినా మొదటి రెండు దినాలు గంటగంటకు నర్సు వచ్చి మొన రంగు చూచి పోయేది. కేరళ పిల్ల, తమిళం తడుముకొంటూ మాట్లాడేది. రెండవ రాత్రి ఎడమవైపు కొంచెం నీలంగా ఉన్నదని డాక్టరమ్మను పిలిపించినది. ఆమె కట్టు వదులు చేసి, ఒక కుట్టు విప్పి, ‘తెల్లవారేదాకా చూద్దాం’ అన్నది. ఆ రాత్రి అక్క నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు. గోడగడియారం కొట్టుకొంటూ ఉన్నది. తెల్లవారి నర్సు వేలితో అదిమి వదిలి చూచి నవ్వినది. రంగు తిరిగి వచ్చినది.

నాలుగవనాడు లాడ్జీకి పంపినారు. తీసిన కండను పరీక్షకు పంపినారు, దాని ఫలితం వచ్చేదాకా, కుట్లు తీసేదాకా ఊరిలోనే ఉండమన్నారు. తరువాతి శనివారం మా వారు అమ్మాయిని తీసుకొని వచ్చినారు. పదిహేడేండ్ల పిల్ల. గదిలోకి వచ్చి కొంచెంసేపు కిటికీ దగ్గర నిలబడినది. నావలెనే భుజాలు ముందుకు వంచి నిలబడడం దానికి రెండు మూడేండ్లుగా అలవాటు. మా వారు, అక్క కాఫీకి పోయినప్పుడు మెల్లగా అడిగినది.

‘అమ్మా, నాకూ ఇట్లాగే చేయించుకోవాల్సి వస్తుందా?’

ఈ ప్రశ్నకు ఎన్నో దినాలుగా భయపడినాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ‘రావచ్చు, రాకపోవచ్చు. వస్తే నీవే నిర్ణయించుకో. పెరుగుదల పూర్తిగా ఆగేదాకా తొందరపడవద్దని డాక్టరమ్మ చెప్పినది. ఇంకొక సంగతి కూడా తెలుసుకో. ఈ ఆపరేషను తరువాత బిడ్డకు పాలు చాలకపోవచ్చు. నీవు పుట్టినప్పుడు నాకు చాలలేదు, సీసాపాలు పోసినాను’ అన్నాను.

‘అందుకే నానమ్మ ఎప్పుడూ సీసాబిడ్డ అంటుందా?’

‘అందుకే.’

‘నేను బాగానే పెరిగినాను గదమ్మా’ అన్నది. మా అత్తగారు అన్న మాటలకు పదిహేడేండ్లకు ఈ జవాబు దొరికినది.

జూలై 22 సోమవారం ఉదయం మిగిలిన కుట్లు తీసినారు. కండ పరీక్షలో చెడు లేదని కాగితం ఇచ్చినారు. ఆరు వారాలు బరువు ఎత్తరాదని, గట్టి బాడీ రాత్రింబగళ్ళు వేసుకొనవలెనని చెప్పినారు. ఎడమవైపు స్పర్శ కొంత తగ్గినది. అది తిరిగి రావచ్చు, రాకపోవచ్చునన్నారు. అంతకు నేను ఒప్పుకొనే పోయినాను గనుక చింత లేదు. డాక్టరమ్మ ఆపరేషను వివరం, కాడ ఏ వైపు నిలిచినదని తాను గుర్తించినదో బొమ్మతో సహా ఒక కాగితంమీద వ్రాసి సంతకం చేసి ఇచ్చినది. దానికి మూడు నకళ్ళు తీయించి, ఒకటి ఇంట్లో, ఒకటి అక్క దగ్గర, ఒకటి అమ్మాయి పెట్టెలో ఉంచినాను.

తిరుగు బస్సులో నాకు కిటికీ పక్కన చోటు దొరికినది. కట్టు నొప్పి ఉన్నది, గతుకు వచ్చినప్పుడల్లా పండ్లు బిగబట్టినాను. కాని సంచి పైన అరలో పెట్టినాను. పాలారులో అప్పుడూ నీళ్ళు లేవు.

ఈ వ్యాసం చదివే సోదరీమణులకు మూడు మాటలు. పెద్ద ఆపరేషను ఏదైనా చేయించుకొంటే దాని కాగితం మీరే దాచుకొనండి, ఆసుపత్రిని నమ్ముకొని కూర్చోవద్దు. మీ యింట ఆడపిల్ల వంగి నడుస్తుంటే ‘నిటారుగా నడవవే’ అని గదిమే ముందు, ఎందుకు వంగుతున్నదో అడగండి. ఎవరైనా ఆడమనిషి వేలూరికి పోతున్నానంటే గొంతు తగ్గించి జబ్బు పేరు అడగవద్దు. తోడుగా రావలెనా అని అడగండి. మా చిన్నక్క అట్లాగే అడిగినది.